ఆయమ్మను అడిగారా?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ప్రీస్కూల్ నిర్వాహకులు, టీచర్లు, ఆయాలు, తల్లిదండ్రులు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. ముందు వరసల్లో ప్లే స్కూళ్లు నడిపేవాళ్లు, టీచర్లు, తల్లిదండ్రులు కూర్చున్నారు. ఆయమ్మలు మాత్రం వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నారు. అమ్మా, మీరందరూ ముందుకి రండి. ఈ రెండో వరసవాళ్లు కొంచెం జరిగితే సరిపోతుంది. రండి, మొహమాటం వద్దు. ఇవాళ నేను ఇన్‌స్పెక్షన్ల గురించి మాట్లాడతానని మీ అందరికీ చెప్పి పిలిచారు. ఆ మాట నిజమే. కానీ నేను చెప్పేదంతా తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తుంది. మీరు వెనకాల నిలబడితే నాకు మాట రాదు.

(ఆయాలు ముందుకు వచ్చి కూర్చున్నారు.)

ఇప్పుడు బాగుంది.

నేను పెదవాల్తేరులో 18 ఏళ్లు ఒక ప్రీస్కూల్ నడిపాను. పక్క గదిలోనే క్రెష్, అంటే పసిపిల్లల్ని పగలంతా చూసుకునే చోటు. ఏడాదిన్నర పిల్లల నుంచి ఐదేళ్ల పిల్లల దాకా ఉండేవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలు కొందరు పోర్టులో, కొందరు బ్యాంకుల్లో, కొందరు యూనివర్సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లు. ఇప్పుడు నేను నడపడం లేదు. ఎవరైనా పిలిస్తే వాళ్ల సెంటర్‌కి వెళ్లి, ఒక పూట కూర్చుని, చూసింది చూసినట్టు చెప్తాను. డబ్బు తీసుకోను. ఎందుకు తీసుకోనో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసిన రోజు ప్రీస్కూల్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికే నేల కడిగేస్తారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఫినాయిల్ వాసన. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో కొత్త దూది, కొత్త ఆయింట్‌మెంటు. గోడకి వేలాడే, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు మీద దుమ్ము తుడుస్తారు. ఫైళ్లు టేబుల్ మీద వరసగా పెడతారు. 'సార్ రాగానే గుడ్ మార్నింగ్ చెప్పాలి' అని పిల్లల చేత ప్రాక్టీస్ చేయిస్తారు. ఆయమ్మని ఉతికిన చీర కట్టుకు రమ్మని ముందురోజే చెప్తారు. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్తారు. 'సార్ ఏదైనా అడిగితే నువ్వు మాట్లాడకు, నన్ను పిలు.' ఈ మాట నేనూ చెప్పాను. ఏటా చెప్పాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడున్న నిర్వాహకులకి అది కంఠతా వచ్చు. ఆరేళ్ల లోపు పిల్లల సెంటర్లకి సంబంధించిన నియమాలన్నీ ఒకే చట్టంలో దొరకవు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల ప్రైవేటు ప్లే స్కూళ్లకి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 20 మంది పిల్లలకి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి 4 సార్లు వెళ్లి బిడ్డని చూసుకునే వీలివ్వాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఆ క్రెష్‌ల కోసం వచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ల లోపు పిల్లలైతే పదిమందికి ఒక మనిషి ఉండాలని రాశారు. ఇక ట్రేడ్ లైసెన్స్ మన నగరపాలక సంస్థ జీవీఎంసీది, నిప్పుకి సంబంధించిన సర్టిఫికెట్ ఫైర్ డిపార్ట్‌మెంటుది, వంట ఉంటే ఫుడ్ సేఫ్టీ వాళ్లది. వచ్చే అధికారి ఎవరి వంతు వాళ్లు చూస్తారు. ఫైర్ ఆఫీసరు సిలిండరు చూస్తారు, బాత్‌రూంలో బకెట్ చూడరు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ బాత్‌రూం చూస్తారు, కిటికీ గ్రిల్‌కి వేసిన తాళం చూడరు. వాళ్లని నేను తప్పుపట్టడం లేదు. వాళ్లలో చాలామంది ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాళ్లే. కానీ కొన్ని వస్తువులు ఏ ఆఫీసు వంతుకీ రావు. ఉదాహరణకి, తలుపు.

ఈ తలుపు గురించే నేను ఎక్కువసేపు మాట్లాడాలి.

మా సెంటర్ పెట్టిన ఏడో ఏడు. మే నెల, సమ్మర్ బ్యాచ్. మా బిల్డింగు సముద్రానికి దగ్గర. మీకు తెలుసు కదా, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది. ఎండలో మాడిపోయిన ఊరికి ఆ గాలి ప్రాణం. కానీ పిల్లలు పడుకునే గదికి బరువైన టేకు తలుపు ఉండేది, గాలి తిరిగినప్పుడల్లా అది ధడాలున పడేది. మా ఆయమ్మ ఒకరోజు నా గదిలోకి వచ్చి, 'అమ్మా, ఆ తలుపు గాలికి కొట్టేస్తంది, పిల్లల ఏళ్లు పడతాయి' అంది. వడ్రంగిని పిలిపిస్తానన్నాను. వారం తర్వాత మళ్లీ వచ్చి అదే మాట అంది. అడ్మిషన్ల హడావిడిలో ఉన్నాను. 'గుర్తుంది ఆయమ్మా' అన్నాను. మూడోసారి ఆవిడ నా దగ్గరికి రాలేదు. ఇంటి నుంచి పాత చీర ముక్క తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, ఇటు పిడికి అటు పిడికి కట్టింది. తలుపు వచ్చి పడినా ఆ గుడ్డ అడ్డుపడి, వేలు పట్టేంత సందు మిగిలేది.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఇన్‌స్పెక్షన్ అన్నారు. ఆ రోజు పొద్దున గదులన్నీ తిరిగి చూస్తూ, ఆ చీర ముక్క చూసి, చూడ్డానికి బాగాలేదని నేనే తీసేయించాను.

ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. రిమార్కులు ఏమీ లేవు. సార్ వెళ్లాక అందరం టీ తాగాం. ఆ గుడ్డ మళ్లీ కట్టమని నేను చెప్పలేదు. మేడమ్ తీయించింది కదా అని ఆవిడా కట్టలేదు.

18 రోజుల తర్వాత ఒక మూడేళ్ల బాబు నిద్ర లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తలుపు సందులో చెయ్యి పెట్టి, అవతలున్న నేస్తంతో మాట్లాడుతున్నాడు. గాలి వచ్చింది. ఎడమచేతి ఉంగరం వేలి కొస నలిగిపోయింది. ఆయమ్మ ఆ చేతికి శుభ్రమైన గుడ్డ చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని నాతోపాటు ఆటోలో వచ్చింది. దారంతా వాడికి ఏదో చెప్తూనే ఉంది. నా నోట మాట లేదు. కుట్లు పడ్డాయి. వేలు దక్కింది. గోరు మాత్రం వంకరగా పెరిగింది.

బాబు వాళ్ల నాన్న ఆస్పత్రికి వచ్చారు. అరవలేదు. 'మేడమ్, ఆ తలుపు సంగతి ముందు ఎవరికీ తెలీదా?' అని అడిగారు. నేను 'లేదండీ' అన్నాను. ఆయమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ తల దించుకుంది తప్ప ఒక్క మాట అనలేదు.

నెల తర్వాత నేను వాళ్లింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ ఇంట్లో వాళ్లు నాతో ఏమన్నారో అది వాళ్ల సొంత విషయం, ఇక్కడ చెప్పను. తలుపు బాగుచేయడానికి అయిన ఖర్చు మాత్రం చెప్తాను. తలుపు మెల్లగా మూసుకునే డోర్ క్లోజర్, బందుల వైపు సందుకి రబ్బరు పట్టీ, వడ్రంగి కూలీ, అన్నీ కలిపి ఆ నెల మా కరెంటు బిల్లులో సగం కాలేదు.

అప్పటి నుంచి నా మనసులో ఒకటే ఉంది. మా సెంటర్‌లో నిజమైన ఇన్‌స్పెక్షన్ అప్పటికే జరిగిపోయింది. చేసింది ఆయమ్మ. రిపోర్టు నాకు రెండుసార్లు నోటితో ఇచ్చింది, మూడోసారి తన చీర ముక్కతో ఇచ్చింది. దాన్ని నేను అందం కోసం పీకి పారేశాను.

అందుకే ఇప్పుడు ఏ సెంటర్‌కి వెళ్లినా ఫైళ్లు చివర్లో చూస్తాను. ముందు ఆయమ్మ పక్కన కూర్చుంటాను. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే నేనూ ఒక కత్తి తీసుకుంటాను. 'ఇక్కడ ఏమైనా ప్రమాదాలున్నాయా' అని అడిగితే 'ఏటీ లేదమ్మా, అంతా బాగానే ఉంది' అంటారు. అలా అడగకూడదు. 'ఏ పని చేస్తున్నప్పుడు మీకు గుండె దడగా ఉంటుంది?' అని అడుగుతాను. అప్పుడు మాట బయటికొస్తుంది.

ఒక ఆయమ్మ చెప్పింది: ఒంటిగంట నుంచి రెండు దాకా. ఎందుకంటే ఆ గంటలో టీచర్లు భోజనానికి వెళ్తారు, రెండో ఆయమ్మ గిన్నెలు కడుగుతుంది. పడుకున్న 16 మంది పిల్లల దగ్గర తను ఒక్కతే. అందులో ఏడుగురు రెండేళ్ల లోపువాళ్లు. ఒకరికి బట్టలు తడిసి బాత్‌రూంకి తీసుకెళ్తే మిగతా 15 మందినీ చూసేవాళ్లు లేరు. రిజిస్టర్‌లో చూస్తే ఆ సెంటర్‌లో లెక్క సరిగ్గానే ఉంది. పదిగంటలకి వెళ్లిన అధికారికి లెక్క సరిగ్గానే కనిపిస్తుంది కూడా. 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా అనే లెక్క ఒంటిగంటన్నరకి ఎంతుందో ఎవరూ రాయలేదు. వాళ్లు చేసిన మార్పు చాలా చిన్నది. టీచర్ల భోజనం రెండు విడతలు చేశారు.

ఇంకో ఆయమ్మ బకెట్ అంది. నీళ్లు పొద్దున ఒక గంట వస్తాయి కాబట్టి బాత్‌రూంలో రెండు పెద్ద బకెట్లు, ఒక టబ్బు నింపి పెట్టుకుంటుంది. విశాఖలో నీళ్లు పట్టుకుని దాచుకోవడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. నిండిన బకెట్ చూస్తే మనకి నిశ్చింత. కానీ నడక నేర్చిన పిల్లకి తల బరువు ఎక్కువ, చేతుల్లో బలం తక్కువ. బకెట్లోకి వంగి తలకిందులైతే లేవలేదు. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు, ముక్కూ నోరూ మునిగితే చాలు. పైగా చప్పుడు ఉండదు. ఏడుపు వినిపిస్తుందిలే అనుకుంటాం, నీళ్లలో మునిగిన పిల్ల ఏడవలేదు. మూత ఉన్న డ్రమ్ము పెట్టండి, బాత్‌రూం తలుపుకి పెద్దవాళ్ల ఎత్తులో బయట గడియ పెట్టండి. టబ్బు వాడాక బోర్లించండి. నీళ్లు నిలవ ఉంచకపోతే డెంగీ దోమ సంగతి కూడా అందులోనే తీరుతుంది, ఆ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది, మన పిల్లలు సెంటర్‌లో ఉండేదీ పగలే. శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీవాళ్లు చెప్తుంటారు కదా, గుడ్డు దోమ కావడానికి వారం పైన పడుతుంది కాబట్టి వారానికోసారి అన్నీ ఖాళీ చేయమంటారు. డ్రమ్ములు, కూలరు, పూలకుండీ కింద పళ్లెం, ఏదీ మర్చిపోవద్దు.

మూడో ఆయమ్మ చెప్పింది విని నాకు ఒళ్లు జలదరించింది. ఫినాయిల్ పెద్ద డబ్బాల్లో కొంటారు, డబ్బా బరువు, ఎత్తి పోయలేక ఆవిడ పాత కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం పోసుకుని కిటికీలో పెట్టుకుంటుంది. తప్పని ఆవిడకి తెలుసు. 'చిన్న డబ్బా ఇమ్మని అడిగితే రేటు ఎక్కువ అన్నారమ్మా.' ఇక్కడున్న నిర్వాహకులందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. మీ సెంటర్‌లో తాగే సీసాలో, తినే డబ్బాలో పోసిన మందు ఏదైనా ఉంటే ఇంటికి వెళ్లే దారిలోనే ఆగి తీసేయించండి. యాసిడ్ అయితే అసలు ఉంచొద్దు. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు పట్టకూడదు. ఆ సీసా చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పరిగెత్తాలి.

తిండి దగ్గర ఎక్కువ చెప్పను. వేరుశనగ పలుకులు, పుట్నాలు, గింజతో ఉన్న ఖర్జూరం, కోయని ద్రాక్షపళ్లు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. పుట్టినరోజున ఎవరో తల్లి చాక్లెట్లు పంచుతుంది, అవీ చూడండి. ఇంకొకటి, బొమ్మల్లో, రిమోట్‌లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ. అది పిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగినట్టు అనుమానం వచ్చినా ఆగొద్దు. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏంచేయాలో మాటల్లో చెప్తే రాదు, నర్సు చేత బొమ్మ మీద చేయించి చూపించాలి. ఆ ట్రైనింగ్ టీచర్లకి మాత్రమే ఇచ్చి ఆయమ్మలని వంటింట్లో ఉంచేస్తున్నారు. అన్నం తినిపించేది ఎవరండీ?

మన ఊరికే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఉప్పుగాలి. బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో ఫ్రిజ్ కింద తుప్పు చూడండి, కిటికీ గ్రిల్స్ చూడండి. హైదరాబాద్‌లో పదేళ్లు ఉండే ఇనుము ఇక్కడ మూడు నాలుగేళ్లకే పొరలు పొరలుగా రాలుతుంది. ఆడుకునే ఉయ్యాల, జారుడుబల్ల, గేటు, అన్నీ ఇనుమే. వాటికి ఏటా పెయింట్ వేయిస్తాం, ఆ పెయింట్ కింద తుప్పు అలాగే ఉంటుంది. లాసన్స్ బే కాలనీ దగ్గర ఒక సెంటర్‌లో ఉయ్యాల కొత్తగా, పచ్చగా మెరిసిపోతోంది. ఆయమ్మ ఒక చోట వేలితో నొక్కి చూపించింది. గొలుసు తగిలించే కొక్కెం దగ్గర పెయింట్ పొంగి ఉంది, గోకితే లోపల ఇనుము సగమే మిగిలింది. 'ఉయ్యాల ఊగితే గోల మారిందమ్మా' అంది. ఆ చప్పుడులో తేడా రోజూ వినే మనిషికి తప్ప ఎవరికి తెలుస్తుంది? ఏడాదికోసారి వచ్చే అధికారికి తెలియదు. ఆఫీసు గదిలో కూర్చునే మనకీ తెలియదు.

గోడకి వేలాడే సిలిండరు కూడా ఇనుమే. పైన మీటరులో ముల్లు ఆకుపచ్చలో ఉందా అని నెలకోసారి చూడండి, అడుగున తుప్పు పట్టిందా అని కూడా చూడండి. అన్నిటికన్నా ముందు, దాన్ని మీ ఆయమ్మ చేత ఎత్తించి చూడండి. 6 కిలోల సిలిండరంటే పౌడరే 6 కిలోలు, ఇనుప డబ్బా బరువు వేరు. దాన్ని ఆరడుగుల ఎత్తులో మేకుకి తగిలిస్తారు. నేను వెళ్లిన ఒక చోట ఆయమ్మ ఎంత ఎగిరినా అందలేదు. వంటింట్లో ఉండేది ఆవిడే. నిప్పు మొదట చూసేది కూడా ఆవిడే.

2004 జూలై 16న తమిళనాడులో కుంభకోణంలో ఏం జరిగిందో మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. స్కూలు వంటింట్లో రేగిన నిప్పు ఆకుల కప్పుకి అంటుకుంది. ఇరుకు మెట్లు. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఫొటోలు పేపర్లో చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. అప్పటికి నాకు ప్రీస్కూల్ లేదు. తర్వాత పెట్టినప్పుడు మొదట చేసింది ఏమిటంటే, వంటిల్లు, పిల్లల గదుల మధ్య దూరం చూసుకోవడం. మీ సెంటర్‌లో దొంగల భయంతో వెనక గ్రిల్‌కి తాళం వేస్తారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మేడమ్ హ్యాండ్‌బ్యాగులో. మేడమ్ బ్యాంకుకి వెళ్లింది. దయచేసి ఆ తాళం తీసి, లోపలి నుంచి పెద్దవాళ్లు తీసుకోగల గడియ పెట్టించండి.

రెండేళ్ల పిల్లలకి డ్రిల్ ఏమిటని నన్ను నవ్వులాటగా అడిగినవాళ్లున్నారు. మేము నెలకోసారి చేసేవాళ్లం. ముడులు వేసిన ఒక పొడవాటి తాడు, ముడికొక పిల్ల. రైలు ఆట అని చెప్పేవాళ్లం. ముందు టీచరు ఇంజను, చివర ఆయమ్మ గార్డు. నడక రాని పిల్లలని ఒక తొట్టెలో కూర్చోబెట్టి, చక్రాల మీద తోసుకుంటూ బయటికి. హాజరు పట్టిక తలుపు పక్కనే వేలాడేది, ఎవరు ముందు బయటికి వస్తే వాళ్లు పట్టుకుని రావాలి. మొదటిసారి మాకు 11 నిమిషాలు పట్టింది. ఇద్దరు పిల్లలని లెక్కలో మర్చిపోయాం. ఏడాది తర్వాత 3 నిమిషాలకి వచ్చాం.

ఇది నిప్పు గురించి. విశాఖలో ఉన్నవాళ్లం ఇంకో సంగతి ఆలోచించాలి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడింది. ప్రాణాలు పోయాయి. వీధుల్లో మనుషులు నడుస్తూ నడుస్తూ కూలిపోవడం మనమంతా టీవీలో చూశాం. అది తెల్లవారుజాము, పైగా లాక్‌డౌన్. అదే మామూలు రోజు పదిగంటలకి జరిగి ఉంటే, చుట్టుపక్కల అంగన్‌వాడీల్లో, ప్లే స్కూళ్లలో పిల్లలుండేవాళ్లు. నాకు ఆ ఆలోచన ఇప్పటికీ పోదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, నేల దగ్గరగా పాకుతుంది. వంటగ్యాస్ కూడా అంతే. పిల్లల ముక్కు ఎక్కడుంటుంది? మన మోకాలి దగ్గర, నడుం దగ్గర.

నిప్పు వస్తే బయటికి పరిగెత్తాలి. ఆ గ్యాస్ అప్పటికే వీధిలోకి వచ్చేసి ఉంటే, బయటికి పరిగెత్తడం దానికి ఎదురెళ్లడమే. అప్పుడు తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి, పై అంతస్తుకి చేరి, అధికారులు చెప్పేదాకా ఉండాల్సి రావచ్చు. బయటికి తీసుకెళ్లే సమయం ఉంటే, గాలి వచ్చే దిక్కుకి అడ్డంగా, మెరక వైపు నడిపించాలి. ఈ రెండు డ్రిల్లులూ వేరు. గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం వైపున్నవాళ్లు ఇది తప్పకుండా నేర్చుకోవాలి. నేను చూసిన ఇన్‌స్పెక్షన్ ఫారాల్లో దీనికి ఒక్క గడి కూడా లేదు. మీ దగ్గరలో ఏ ఫ్యాక్టరీ ఉంది, అందులో ఏం వాడతారు, సైరన్ ఎలా మోగుతుంది అన్నది వెళ్లి అడగండి. అడిగే హక్కు మీకుంది. మేడమీద ఒక గుడ్డపీలిక కట్టుకోండి, గాలి ఎటు వీస్తోందో ఆయమ్మ తలెత్తి చూస్తే చాలు తెలియాలి.

తల్లిదండ్రులకి ఒక మాట. అడ్మిషన్‌కి వచ్చినప్పుడు మీరు మొదట అడిగేది సీసీ కెమెరాలున్నాయా అని. ఉంటే మంచిదే, వద్దనను. కానీ కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది. మీరు అడగాల్సింది, ఇక్కడ ఆయమ్మ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తోంది అని. నాలుగు నెలలకో మనిషి మారే సెంటర్‌లో ఏ తలుపు పడుతుందో, ఏ పిల్లకి ఏ తిండి పడదో తెలిసిన మనిషి ఎప్పటికీ తయారవదు. మనుషులు ఎందుకు మారిపోతారో అందరికీ తెలుసు. జీతం చాలక. ఫీజు వందా రెండొందలు పెరిగినప్పుడు, ఆ పెరిగింది ఎవరి జీతంలోకి వెళ్తోందని కూడా అడగండి.

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పిల్లల మీద ఎవరైనా తప్పుగా చెయ్యి వేశారన్న అనుమానం మొదట వచ్చేదీ ఆయమ్మకే, స్నానం చేయించేది, బట్టలు మార్చేది ఆవిడే కాబట్టి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని చెప్పకుండా దాచితే ఏడాది దాకా జైలు. 'స్కూలు పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం' అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆయమ్మలందరికీ కంఠతా రావాలి. ఒక్కసారి అందరూ అనండమ్మా. పది, తొంభై ఎనిమిది.

(ఆయాలు అన్నారు.)

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అధికారులు కూడా ఇద్దరు ముగ్గురు ఇక్కడున్నారని విన్నాను. సార్, మీరు పదిగంటలకి కాకుండా ఒంటిగంటకి రండి. ఒక్కసారి పిల్లల పీట మీద కూర్చుని గది చూడండి, టేబుల్ అంచులు, ప్లగ్గులు అప్పుడు కంటికి సమానంగా కనిపిస్తాయి. నిర్వాహకులని కాసేపు బయటికి పంపి, ఆయమ్మతో పది నిమిషాలు మాట్లాడండి. ఆవిడ చెప్పింది రాసుకోండి, పేరు మాత్రం రాయకండి. చీర ముక్క కట్టిన తలుపు కనిపిస్తే రిమార్కు వేయకండి, ఎందుకు కట్టారని అడగండి.

నిర్వాహకులారా, మీరు వంటింటి గోడకి ఒక నల్లబోర్డు పెట్టండి. రాయడం రాని ఆయమ్మ ఉంటే ఎర్ర సుద్దతో ఒక చుక్క పెడుతుంది, మీరు వెళ్లి ఏమిటని అడగండి. 500 రూపాయల లోపు రిపేరుకి మీ అనుమతి అక్కర్లేదని చెప్పండి. గొళ్లెం, బల్బు, మేకు, బకెట్ మూత, వీటికి మేడమ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. మా దగ్గర ఇది పెట్టాక మొదటి నెలలో 14 చుక్కలు పడ్డాయి. నాకు సిగ్గేసింది. 14 విషయాలు ఆ మనుషులు ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకుని తిరిగారో అనిపించింది.

నేను డబ్బు ఎందుకు తీసుకోనో చెప్తానన్నాను. నేను వెళ్లి చెప్పేదంతా అక్కడి ఆయమ్మ నాకు చెప్పిందే. దానికి మీరు నాకు ఫీజు ఇస్తే ఎలా? ఇవ్వాలనిపిస్తే ఆవిడకే ఇవ్వండి.

ఏదైనా అడగాలంటే అడగండి.

(ముందు వరసలోని ఒక ఆయా లేచి: 'మేడమ్, మీరు బాగానే చెప్పారు. మేం చెప్తే, వచ్చే నెల నుంచి రావద్దంటే ఏటి చెయ్యాలి?')

మంచి ప్రశ్న అడిగారమ్మా. అలా జరగదని నేను మీకు మాట ఇవ్వలేను. జరిగిన చోట్లు నాకు తెలుసు. మీకు ఇద్దరు పిల్లలుంటారు, అద్దె ఉంటుంది, ధైర్యంగా చెప్పేయండి అని మైకు ముందు నిలబడి అనడం నాకు తేలిక. అందుకని మీకు చెప్పను, మీ మేడమ్‌లకి చెప్తాను. ఈ హాల్లో 30 మంది నిర్వాహకులు ఉన్నారు. ప్రమాదం గురించి చెప్పినందుకు ఏ ఆయమ్మనీ పనిలోంచి తీయబోమని ఇవాళ ఇక్కడే, ఈ ఆయమ్మల ముందు, లేచి నిలబడి చెప్పగలిగినవాళ్లు చెప్పండి. నేను చూస్తాను, వాళ్లూ చూస్తారు. ఒకరిద్దరికి మొహమాటంగా ఉంటే కూర్చోండి, ఫర్వాలేదు.

(చాలామంది లేచి నిలబడ్డారు.)

థ్యాంక్సండీ. ఇప్పుడు ఇంకొక్క పని. నాకు ఇంకో పావుగంట సమయం ఇచ్చారు. అందులో నేను మాట్లాడను. అమ్మా, మీ సెంటర్‌లో మీకు గుండె దడగా అనిపించేది ఒక్కటి, ఒక్కొక్కరూ చెప్పండి. సెంటర్ పేరు చెప్పొద్దు. ఆ మైకు ఇలా ఇవ్వండి. ఆకుపచ్చ చీర కట్టుకున్న మీరు మొదలుపెట్టండమ్మా.